కరివేపాకు ఆకు రాల్చిందని కంగారుపడకండి

"రాత్రిళ్లు చలి మొదలైంది. కరివేపాకు మొక్క పసుపుపచ్చబడి ఆకంతా రాల్చేస్తోంది. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను, ఎక్కడ పొరపాటు చేశాను?" చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు ఏటా నన్నడిగే మాట ఇది. జవాబు అందులోనే ఉంది. రోజూ నీళ్లు పోయడమే పొరపాటు.

నా మొదటి చలికాలంలో నేనూ ఇదే నిర్వాకం చేశాను. ఆకు రాలుతోంటే పాపం నీరసించిందనుకుని నీళ్లు పెంచాను, బలానికని ఎరువు కూడా వేశాను. నెల తిరక్కుండా మొదలు మెత్తబడింది. కుండీలోంచి లాగి చూద్దును కదా, మట్టి ముద్దముద్దగా ఉంది, మురుగు వాసన. వేరు పట్టుకుంటే పైతొక్క ఊడి చేతిలోకొచ్చింది, లోపల దారంలాంటి ఈనె మిగిలింది. చలి మీదికి నెపం నెట్టడానికి కూడా లేదు, మొక్క అప్పటికే ఇంట్లో వెచ్చగా ఉంది.

చలి 10 డిగ్రీల సెల్సియస్ లోపుకి దిగినా, వెలుతురు తగ్గినా, కరివేపాకు దాదాపు నిద్రలోకి జారుకుంటుంది. ఎదుగుదల లేని మొక్క నీళ్లు పెద్దగా తాగదు. తాగని నీళ్లు మట్టిలోనే నిలిస్తే గాలి ఆడక వేళ్లు కుళ్లిపోతాయి. అందుకని వారం లెక్క పెట్టుకుని పోయకండి. వేలు రెండు కణుపుల లోతుకి గుచ్చి చూడండి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి. ఇంకా మంచి పద్ధతి కుండీని ఎత్తి చూడటం. పొడి కుండీ ఎంత తేలిగ్గా ఉంటుందో రెండుసార్లు ఎత్తితే చేతికి తెలిసిపోతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. ఎరువు కొత్త చిగురు కనిపించేదాకా వద్దే వద్దు. మోడుగా నిలబడిందని పారేయకండి కూడా. కాండం మీద గోటితో కాస్త గీరండి, లోపల ఆకుపచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో ఎండి ఉంటే ఇంకొంచెం కిందికి వచ్చి గీరండి.

లోపలికి ఎప్పుడు తేవాలి? మంచు పడ్డాక కాదు. రాత్రి ఉష్ణోగ్రత 10, 12 డిగ్రీలకి దిగుతోందంటే మల్లె, తులసి, కరివేపాకు, మిరప లోపలికి రావాల్సిందే. ఇంట్లో హీటర్ వేయడం మొదలెట్టక ముందే తెస్తే బయటికీ లోపలికీ తేడా తక్కువ కాబట్టి మొక్క అంతగా బెదరదు. ఇంకో మాట. ఫోన్‌లో 2, 3 డిగ్రీలు చూపించిందని ధీమాగా పడుకోకండి. వాతావరణ కేంద్రాల్లో ఆ లెక్క తీసేది నేలకి మనిషి ఎత్తున. మబ్బు లేక, గాలి ఆడని రాత్రి నేల దగ్గర అంతకంటే చల్లగా ఉంటుంది. అలాంటి రాత్రే తెల్లారేసరికి ఆకులు ఉడకబెట్టినట్టు వేలాడతాయి.

తెచ్చేముందు తలంటు తప్పదు. ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టి కడగండి. బయట వానకీ, తనని తినే పురుగులకీ భయపడి అణగి ఉన్న ఎర్రనల్లి అనే చిన్న పురుగు, పొడిగా వెచ్చగా ఉండే ఇంట్లోకి రాగానే రాజ్యమేలుతుంది. కంటికి ఆనదు. తెల్లకాగితం పట్టి కొమ్మని దాని మీద తట్టండి. రాలిన చుక్కల్లో ఏదైనా నడిచిందా, అదే. పిండినల్లి అయితే కొమ్మల సందుల్లో దూదిలా కనబడుతుంది. కొత్తగా లోపలికొచ్చిన కుండీని రెండు వారాలు మిగతా మొక్కలకి ఎడంగా ఉంచండి.

కిటికీ పక్కన మనకి బోలెడు వెలుగు ఉన్నట్టే అనిపిస్తుంది. కన్ను సర్దుకుంటుంది మరి, మొక్క సర్దుకోలేదు. ఉత్తరార్ధగోళంలో ఉంటే దక్షిణం కిటికీ వెతుక్కోండి. అది లేకపోతే ఎల్‌ఈడీ గ్రో లైట్ (మొక్కల కోసం చేసిన దీపం) ఒకటి, రోజుకి 12 నుంచి 14 గంటలు వెలిగేలా టైమర్ పెట్టి. ఆకులు అద్దానికి తగలకూడదు, వేడిగాలి నేరుగా కొట్టకూడదు. తేమ కోసమని ఆకుల మీద రోజూ నీళ్లు స్ప్రే కొట్టడం మన తృప్తికే, ఆ తడి నిమిషాల్లో ఆరిపోతుంది.

అన్నిటినీ కాపాడాలన్న పట్టుదల నాకిప్పుడు లేదు. గోంగూర, సొర లాంటివి ఒక కాలానికే. విత్తనం తీసి దాచుకుని మొక్కని వదిలేయండి. తులసి కాండం ముదిరిపోయి ఉంటే లేత కొమ్మలు రెండు కత్తిరించి గ్లాసు నీళ్లలో పెడితే చాలాసార్లు వేళ్లు వేస్తాయి, విత్తనం కూడా దాచుకుంటే నిశ్చింత. మిరప బహువార్షికం, ఈ సంగతి చాలామందికి తెలియదు. జానెడు ఎత్తుకి కత్తిరించి వెలుతురులో ఉంచితే మరుసటి ఏడు విత్తనం మొక్కల కంటే ముందే పూతకొస్తుంది.

బయటే ఉండగలిగేవీ ఉన్నాయి. కొత్తిమీర, పాలకూర, మెంతికి చల్లదనమే ఇష్టం, తేలికపాటి మంచుకి కొత్తిమీర, పాలకూర తట్టుకుంటాయి. పగటి నిడివి 10 గంటల లోపుకి తగ్గితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి అంతకు ముందే చేతికొచ్చేలా విత్తుకోవాలి. వెల్లుల్లి రెబ్బలు గుచ్చి వదిలేయండి, గడ్డ రెబ్బలుగా విడాలంటే దానికి చలి కావాలి. పుదీనా పైన ఎండి మాయమైనా వేళ్లు బతికే ఉంటాయి.

అయితే నేలలో వేళ్లకున్న దుప్పటి కుండీలో వేళ్లకి లేదు, చలి నాలుగు వైపుల నుంచీ కమ్ముకుంటుంది. కుండీలన్నీ గోడవారకి చేర్చి గుంపుగా పెట్టి, మొక్కకి కాదు, కుండీకి బబుల్ రాప్ చుట్టండి. మట్టికుండీలు ఖాళీ చేసి లోపల పెట్టేయండి. నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది. నా కుండీ ఒకటి తెల్లారేసరికి కొబ్బరిచిప్పలా రెండు చెక్కలై పడుంది.

వసంతంలో తొందరపడి పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. నాలుగు నెలలు నీడలో ఉన్న ఆకుని ఒక్కసారిగా ఎండలో పెడితే తెల్లగా బొబ్బలెక్కుతుంది. వారం పది రోజులు, ముందు నీడలో ఓ గంట, తర్వాత పొద్దుటి ఎండలో కాసేపు, అలా పెంచుకుంటూ పోండి. రాత్రిళ్లు 10 డిగ్రీలు దాటేదాకా సాయంత్రం మళ్లీ లోపలికి మోయాల్సిందే. పెద్ద కుండీలకి చక్రాల పీట ఇప్పుడే కొనిపెట్టుకోండి, నేను నడుం పట్టేసి వారం మంచం ఎక్కాక కొన్నాను.