చెట్టు ఊగకుండా విరగాలి

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పల్నాటి కథ స్క్రిప్టూ, దానితో పాటు రాసిన ఉత్తరమూ అందాయి. మూడు ఎపిసోడ్లూ రెండేసి సార్లు చదివాను. ఈ మధ్య రాత్రిళ్ళు కూర్చుని ‘గద్దలను కొట్టిన వీరుల గాథ’ అనే చైనా ధారావాహిక చూస్తున్నాననీ, అందులోని పోరాటాల వంటివి మన కథలోనూ ఉండాలని ఉందనీ రాశావు. మంచి కోరికే. అయితే ఆ పోరాటాలు నిన్ను అంతగా ఎందుకు పట్టుకున్నాయో ఒకసారి నిదానంగా ఆలోచించమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కథకు మూలమైన నవలను జిన్ యోంగ్ 1957 నుంచి 1959 దాకా హాంకాంగ్‌లోని ఒక దినపత్రికలో ధారావాహికగా రాశారు. మన వారపత్రికల్లో సీరియల్ రాసినవాళ్ళకు తర్వాతి భాగానికి ఏడు రోజుల వ్యవధి ఉండేది. ఆయనకు ఒక్క రోజే ఉండేది. తర్వాత 1970లలో తన నవలలన్నిటినీ ముందు వేసుకుని తిరగరాసినప్పుడు, ఈ నవలలో పాములు పట్టే అమ్మాయి పాత్రను పూర్తిగా తీసేసి, ఆమె కథను ము నియెన్‌త్సి అనే మరో పాత్రలో కలిపేశారు. మొదటి అధ్యాయంలో, పల్లె జనం నడుమ కూర్చుని కథ చెప్పే ఒక కథకుణ్ణి కొత్తగా ప్రవేశపెట్టారు. వేలమంది పాఠకులు చదివి మెచ్చుకున్న పాత్రను తన చేత్తోనే తీసేయగలిగిన ఆ నిబ్బరం గురించి తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. మూలరచయితే అంత తీసేశారంటే, ఆ నవలను తెర మీదికి తెచ్చేవాళ్ళు ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎంతగా తేల్చుకోవలసి ఉంటుందో ఊహించుకో. నలభై అధ్యాయాల ఆ కథను 1983లో హాంకాంగ్ టీవీ సంస్థ టీవీబీ 59 ఎపిసోడ్లుగానూ, 2003లో చైనాలో 42 ఎపిసోడ్లుగానూ, 2017లో మళ్ళీ 52 ఎపిసోడ్లుగానూ తీశారు. కథ ఒకటే అయినా తీసిన ప్రతిసారీ కొలత మారింది.

నువ్వు తెర మీద చూసినదాన్ని ఇప్పుడు పుస్తకంలో చదవమని నా కోరిక. 2018, 2021 మధ్య నాలుగు సంపుటాలుగా ఇంగ్లీషులో వచ్చింది. మొత్తం చదివే తీరిక ఇప్పుడు లేకపోతే పన్నెండో అధ్యాయం ఒక్కటైనా చదువు. నాకు తెలిసినంతలో, పోరాటం రాయడం ఎలాగో, ఒక రూపంలోని కథను మరో రూపంలోకి తేవడం ఎలాగో రెండూ నేర్పే అధ్యాయం అది. అందులో ముఖ్యంగా ఉన్నది వంటా, భోజనమూ, ఒక చెట్టూ.

హువాంగ్ రోంగ్ అనే చురుకైన అమ్మాయి ఒక కోడికి మట్టి మెత్తి నిప్పుల్లో కాలుస్తుంటుంది. పక్కన కథానాయకుడు గువో జింగ్ ఉంటాడు. మంగోల్ మైదానాల్లో పెరిగిన ఈ కుర్రవాడు ఏది నేర్చుకోవడానికైనా పదింతలు సమయం తీసుకుంటాడు. మట్టి పెంకు పగలగొట్టి కోడిని చీల్చబోతుండగా వెనకనుంచి ఒక గొంతు, దాన్ని మూడు వాటాలు చేసి వెనక భాగం తనకివ్వమంటుంది. తిరిగి చూస్తే ఒక ముసలి బిచ్చగాడు. అతని కుడిచేతికి చూపుడు వేలు లేదు. ఒకప్పుడు తిండి మీది ఆశతో ఒక ముఖ్యమైన పనికి సమయానికి అందుకోలేకపోయి, ఆ కోపంతో తన వేలు తనే నరుక్కున్నాడు. ఇతనే ఆ కాలపు మహావీరుల్లో ఒకడైన హోంగ్ చిగోంగ్. వేలు పోయినా తిండి మీది మోజు మాత్రం పోలేదు. ఆ బలహీనతను కనిపెట్టిన హువాంగ్ రోంగ్ రోజుకో కొత్త వంట చేసి పెడుతూ, దానికి బదులుగా గువో జింగ్‌కు ‘డ్రాగన్‌ను లొంగదీసే పద్దెనిమిది హస్తాలు’ అనే విద్యను ఒక్కొక్క దెబ్బగా నేర్పించుకుంటుంది. వంటల బేరంలో నెల పైచిలుకు రోజుల్లో పదిహేను దెబ్బలు అతని చేతికి వస్తాయి.

మొదటి దెబ్బ నేర్పే చోట ఆగి చదువు. గురువు ఒక పైన్ చెట్టును అరచేత్తో కొడతాడు, అది విరిగి పడుతుంది. శిష్యుడు కొడితే చెట్టంతా ఊగిపోతుంది. ఎంత గట్టిగా ఊపితే అంత బలంగా కొట్టినట్టు అనుకుంటాడు ఆ అమాయకుడు. చెట్టు ఊగిందంటే బలం చెదిరిపోయిందని అర్థం, ఊగకుండా విరగాలి అంటాడు గురువు. ఆ దెబ్బ పేరు ‘యీ చింగ్’ అనే ప్రాచీన చైనా గ్రంథంలోంచి వచ్చింది: మితిమీరి పైకెగసిన డ్రాగన్ పశ్చాత్తాపపడుతుంది. ఇందులో ఎగసిపడటం కన్నా పశ్చాత్తాపమనే మాటే ముఖ్యమనీ, బయటికి వదిలిన బలం పది పాళ్ళయితే లోపల ఇరవై పాళ్ళు మిగిలి ఉండాలనీ వివరిస్తాడు.

ఇప్పుడు నీ స్క్రిప్టులోని రెండో ఎపిసోడ్ తీసి చూడు. కారెంపూడి పోరాటానికి పదకొండు పేజీలు రాశావు. కత్తులు, గుర్రాలు, ధూళి, నెత్తురు, అరుపులు అన్నీ ఉన్నాయి. చెట్టు ఊగింది తల్లీ, విరగలేదు. ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో, కొట్టిన చెయ్యి ఆ క్షణాన ఏం కోల్పోయిందో ఆ పదకొండు పేజీల్లో నాకు కనిపించలేదు. చైనావాళ్ళు ఈ తరహా కథలను వుషియా అంటారు. అందులో ‘వు’ అంటే యుద్ధవిద్య, ‘షియా’ అంటే న్యాయం పక్షాన నిలబడే మనిషి. నువ్వు మొదటి మాటకే మనసు ఇచ్చేశావు. గువో జింగ్ కొట్టే ప్రతి దెబ్బలోనూ అతని నెమ్మది, మొండితనం, ఇచ్చిన మాట తప్పని స్వభావం కనిపిస్తాయి కాబట్టే, ఆ దెబ్బలు ఎంత అసాధ్యమైనవైనా మనం నమ్ముతాం.

అదే అధ్యాయంలో హువాంగ్ రోంగ్ చేసిన మరో వంటకం ఉంది. ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడను చీల్చి అందులో ఇరవైనాలుగు గుంటలు తొలుస్తుంది. సోయాపాల గడ్డను, అదే టోఫూను, ఇరవైనాలుగు చిన్న ఉండలుగా చేసి ఆ గుంటల్లో పెట్టి, తొడను కట్టేసి ఆవిరి మీద ఉడికిస్తుంది. ఉడికేసరికి మాంసం రుచి అంతా ఆ ఉండల్లోకి దిగిపోతుంది. వడ్డించేది ఉండలనే, ఆ తొడ మాంసాన్ని ముట్టరు, పారేస్తారు. చేతిలో పట్టుకుంటే చెదిరిపోయేంత మెత్తని పదార్థంతో ఆ అమ్మాయి చేసిన ఈ పనికన్నా అనుసరణకు మంచి ఉపమానం నాకు తెలియదు.

పాతికేళ్ళ కిందట నేను దీనికి సరిగ్గా విరుద్ధమైన పని చేశాను. ఒక పాత నవలను టీవీ కోసం రాయమని అడిగితే, మూలానికి ద్రోహం చేయకూడదన్న భక్తితో ఒక్క వాక్యాన్నీ వదలలేదు. నవలలో కొడుకు ఇల్లు విడిచి వెళ్ళాక తల్లి మనసులో సాగే ఆలోచన నాలుగు పేజీలు ఉంటుంది. దాన్నంతా సంభాషణగా మార్చాను. చదివి వినిపించే రోజున ఆ పాత్ర వేస్తున్న నటి మధ్యలో ఆగి, “ఇవన్నీ ఈవిడ ఎవరితో చెబుతోందండీ?” అని మర్యాదగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. రెండు కంచాలు పెట్టి ఒకటి వెనక్కి తీసేస్తే సరిపోయేదని ఆ రాత్రి ఇంటికి వచ్చాక తట్టింది. అప్పటికే చిత్రీకరణ మొదలైపోయింది. ఆ సీను ఇవాళ తలచుకున్నా బాధే.

ఇంకొక్క చోటు చూపించి ముగిస్తాను. హువాషాన్ శిఖరం మీద మహావీరుల పోటీ అయిపోయింది. ఏ రచయితైనా అక్కడే తెర దించేస్తాడు. జిన్ యోంగ్ దించలేదు. గువో జింగ్‌ను అవసానదశలో ఉన్న చెంఘిజ్ ఖాన్ దగ్గరికి పంపారు. చిన్నప్పుడు తనను చేరదీసిన ఆ చక్రవర్తిని, మనిషి చనిపోయాక మట్టిలో ఎంత చోటు పడుతుందని అతను అడుగుతాడు. ఖాన్ ఒక్క క్షణం తడబడి, చేతిలోని కొరడాతో గిర్రున ఒక గీత గీసి, ఇంతే అంటాడు. ఎక్కడా కత్తి దూయరు. నాకు మాత్రం పుస్తకం మొత్తంలో అంత బలమైన దెబ్బ మరొకటి కనిపించలేదు.

పల్నాటి కథలోనూ అలాంటివి లేకపోలేదు. బాలచంద్రుడు స్నేహితులతో బొంగరాలాడుతుండగా అది ఒక స్త్రీ కాలికి తగలడం, ఆమె అన్న మాటతో అతని మనసు యుద్ధం వైపు మళ్ళడం మనవాళ్ళందరికీ తెలిసిన ఘట్టమే. నీ స్క్రిప్టులో అది ఒక్క వాక్యంలో, అదీ వ్యాఖ్యాత నోట దాటిపోయింది. కారెంపూడి పదకొండు పేజీలను ప్రస్తుతానికి పక్కన పెట్టు. బొంగరానికి తాడు చుడుతున్న ఆ కుర్రవాడి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి, గాయపడిన ఆ కాలు దగ్గర ఆగేలా ఒక సీను రాయి. ఆమె మాట్లాడాక అతను ఏమీ అనకూడదు. నాలుగు పేజీలకు మించనివ్వకు. రాసిన వెంటనే పంపు, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ మేలు కోరే మాస్టారు