షెడ్డులో ఉన్న ట్రాక్టర్ వైర్లు కొరికేస్తున్నాయి

ప్రశ్న: దాళ్వా కోతలయ్యాక ట్రాక్టరు, ట్రక్కు షెడ్డులో పెట్టేశామండీ. మొన్న తీస్తే లైట్లు వెలగలేదు, చూస్తే ఎలుకలు వైర్లు కొరికేశాయి. కలరా ఉండలు వేసినా లాభం లేదు. ఏం చేయాలి?
- ఒక రైతు, తణుకు

జవాబు: గాలి ఆడే షెడ్డులో కలరా ఉండలు పెద్దగా పనిచేయవండీ, వాటి మీద డబ్బులు తగలేయకండి. ముందు తిండి సంగతి చూడండి. ట్రక్కు మూలల్లో, తలుపు కీళ్ల సందుల్లో ఇరుక్కున్న వడ్లగింజలు, గడ్డిపరకలు ఊడ్చి, కడిగి, ఆరాకే లోపల పెట్టాలి, పక్కనే దాణా బస్తాలు పేర్చి ఉంచితే మాత్రం ఇక ఏం చేసినా దండగే. చిట్టెలుకకి పెన్సిల్ పట్టేంత సందు చాలు, అందుకే గాలి లోపలికెళ్లే గొట్టానికీ సైలెన్సర్‌కీ సన్నకళ్ల ఇనుప జాలీ కట్టండి (గుడ్డలు కుక్కితే వాటితోనే గూడు కట్టుకుంటాయి), స్టార్ట్ చేసే ముందు తీసేయాలని స్టీరింగుకి ఒక చీటీ తగిలించండి. వారానికోసారి బానెట్ ఎత్తి చూసి, బండి కాస్త తిప్పండి. మందు బిళ్లలు బండిలో వద్దు, ఎక్కడో చచ్చి కంపు కొడతాయి. ఎండుచేప ముక్క గుచ్చిన బోను గోడ వారగా పెట్టండి, అవి గోడను ఆనుకునే తిరుగుతాయి. పెంటికల్ని పొడిగా ఊడవకండి, గ్లౌజులేసుకుని బ్లీచింగ్ నీళ్లు చల్లి తుడవండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది.