‘సందేశం బాగుంది’ అన్నవాళ్ళ దగ్గర కాసేపు ఆగు

చిరంజీవికి,

ప్రభువు నామమున పెదనాన్న దీవెనలు. మొన్న ఆదివారం రాత్రి చర్చి హాల్లో నీ సినిమా వేసినప్పుడు నీతో సరిగా మాట్లాడలేకపోయాను. నీ చుట్టూ జనం. దానికి తోడు నీ మొహంలో ఆ కళ చూశాక నాకు నోరు రాలేదు. బిర్యానీ పొట్లాలు పంచుతూ నా దగ్గరికొచ్చి, "ముప్పై మందిని అడిగాను పెదనాన్నా, ముప్పై మందీ సందేశం బాగుందన్నారు" అన్నావు. ఆ మాట నాకు బాగా తెలుసురా. మా ఇంట్లో అటక మీద మూట కట్టి ఉంది.

1997లో సంఘం కానుకలతో, మీ పెద్దమ్మ గాజులు రెండు తాకట్టు పెట్టి, నేనూ ఒక గంట సినిమా తీశాను, వీడియో కెమెరాతో. నీకప్పటికి ఊహ తెలీదు. ఏ చర్చిలో వేసినా "సందేశం బాగుందండీ" అన్నారు. ఆ ధైర్యంతో 300 క్యాసెట్లు చేయించాను. నలభయ్యో యాభయ్యో పోయాయి, అందులోనూ సగం నేను ఊరికే ఇచ్చినవే. మిగతావి అటకెక్కాయి. పెళ్ళిలో కూర ఎలా ఉందని అడిగితే "అరిటాకులు లేతగా ఉన్నాయండీ" అనడం లాంటిదా మాట. సందేశం నువ్వు రాసింది కాదు, బైబిల్లోది. అది బాగానే ఉంటుంది. నువ్వు వండింది కూర. దాని సంగతి ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి ఎలా తెలుసుకోవాలో నాకు రీలు నేర్పింది. అంతకుముందు పదేళ్ళు నేను జీపులో ప్రొజెక్టరేసుకుని పల్నాటి వైపూ ఒంగోలు వైపూ పల్లెలు తిరిగినవాణ్ణి కదా. మన దగ్గర యేసు సినిమా అంటే అప్పట్లో ‘కరుణామయుడు’. 1978లో భీమ్‌సింగ్ గారి దర్శకత్వంలో వచ్చింది, విజయచందర్ గారు యేసుగా వేశారు. థియేటర్లో ఆడింది ఒక ఎత్తు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి తెల్లగుడ్డ మీద పల్లెల్లో ఆడింది ఒక ఎత్తు. రెండు సరుగుడు కర్రలు పాతి గుడ్డ కట్టేవాళ్ళం. జెనరేటరు మోత వినపడకుండా దూరంగా పెట్టేవాళ్ళం. సగం ఊరు గుడ్డకి ఈ పక్క, చోటు చాలని సగం ఊరు ఆ పక్క. వాళ్ళకి బొమ్మ తిరగబడి, కుడి ఎడమై కనపడేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు.

16 ఎంఎం ప్రొజెక్టరు మాకు ఒక్కటే. 1600 అడుగుల రీలు 44 నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు లైటు వేసి, కొత్త రీలు ఎక్కించి, లూపు సరిచూసి మళ్ళీ మొదలుపెట్టేసరికి మూడు నాలుగు నిమిషాలు. ఆ మూడు నాలుగు నిమిషాలే నాకు బడి. చేతులు రీలు మీద, చెవులు జనం మీద. మిరపకాయల రేటు మాట్లాడుకుంటున్నారంటే ఆ రీలు పోయినట్టే. ఒక ఊళ్ళో ఓ ముసలావిడ పక్కావిడతో, "చూశావటే, చేసేదంతా చేసి చేతులు కడుక్కున్నాడు, అచ్చం మా పాత మునసబు లాగే" అంది, యేసుని సిలువకి అప్పగించిన అధికారి పిలాతుని చూసి. అంతకంటే మంచి అభిప్రాయం ఈ జన్మలో మళ్ళీ వినలేదు. ఆవిణ్ణి సినిమా ఎలా ఉందని అడిగుంటే బాగుంది నాయనా అని ఊరుకునేది.

ఇంకో ఊళ్ళో యేసు తెరమీదికి రాగానే ఒకాయన లేచి కొబ్బరికాయ కొట్టబోయాడు. మాతో వచ్చిన పాస్టరుగారు కంగారుపడి పరిగెత్తారు. నేను మాత్రం కొట్టనివ్వండి అన్నాను, తర్వాత ఆ మాటకి చీవాట్లు తిన్నాను. ఇప్పటికీ నాది తప్పనిపించదు. చూసేవాడు తనకొచ్చిన పద్ధతిలో స్పందిస్తాడు. మనం అనుకున్న పద్ధతిలోనే స్పందించాలంటే వాడెందుకు, మనమే చూసుకుని మనమే ఆమేన్ అనుకోవచ్చు.

సిగ్గుపడే సంగతి కూడా చెబుతా. ఆట అయ్యాక ప్రార్థన చేయించి, "ప్రభువుని అంగీకరించినవాళ్ళు చేతులెత్తండి" అనేవాళ్ళు. ఎన్ని చేతులు లేచాయో లెక్క రాసి పంపాల్సింది నేను. పంపేవాణ్ణి. పిల్లలు జీపు వెంటపడి పక్క ఊరికొచ్చి అక్కడా ఎత్తేవాళ్ళు. ఆ చేతులూ రాసేవాణ్ణి. ఒక కుర్రాడైతే ఆ వారంలో మూడుసార్లు మారుమనస్సు పొందాడు నా లెక్కలో. కాబట్టి నీ సినిమా చివర చేతులెత్తించి అదే జనం తీర్పనుకోకు. యూట్యూబులో ఆమేన్లు లెక్కపెట్టి కూడా అనుకోకు. అక్కడ చూసేవాళ్ళు ఎన్నో నిమిషం దగ్గర జారిపోయారో గీత గీసి చూపిస్తుందట కదా, అది చూడు. అది మొహమాటం లేనిది.

ఇక నీ సినిమా. నన్ను ముందు వరసలో కూర్చోబెడదామని చూశావు, నేను పక్క గోడ వారగా వెళ్ళి కూర్చున్నాను. తెర కంటే జనాన్ని చూద్దామని. సినిమాకి ముందు పాతిక నిమిషాలు ప్రసంగం, ఆ తర్వాత నీ సాక్ష్యం, మీ అమ్మా నాన్నా ఎన్ని పస్తులున్నారో. ఒరేయ్, అంత విన్నాక నీ సినిమా బాగాలేదనే గుండె ఎవరికుంటుంది? వచ్చేసారి ఒక చిన్న ప్రార్థన చేసి లైట్లు తియ్యి. నీ కష్టం సినిమా తర్వాత చెప్పుకోవచ్చు, చెప్పుకోకపోయినా పోయేదేం లేదు.

అన్నదమ్ములు బోరు మోటారు కోసం కొట్టుకునే ఘట్టం వచ్చినప్పుడు హాలు కదల్లేదు. చంటిపిల్లాడు ఏడిస్తే తల్లి చూడకుండానే సముదాయించింది, కళ్ళు తెర మీదే ఉన్నాయి. మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో అబ్బాయి, మన సంఘం కాదు, అసలు క్రైస్తవుడే కాదు, ఫోను చార్జింగు పెట్టుకుందామని లోపలికొచ్చి తలుపు దగ్గర ఒక కాలికే చెప్పు విప్పి అలాగే నిలబడిపోయాడు. తమ్ముడు రాత్రిపూట వెళ్ళి అన్న మోటారు తీగ కోసేదాకా కదల్లేదు. ఆ తర్వాత పాస్టరు పాత్ర వచ్చి తమ్ముడికి వరసగా మూడు వచనాలు చెప్పాడు చూడు, అక్కడ విప్పిన చెప్పు వేసుకుని బయటికెళ్ళిపోయాడు. అతనొక్కడే కాదు. వెనక వరసల్లో ఫోన్ల వెలుతురు కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది. తల్లి ఏడ్చే చోట మన యవ్వనస్తులు కిసుక్కున నవ్వారు. కళ్ళలో గ్లిజరిన్ ఎక్కువైంది, పైగా ఆ గదిలో ఫ్యాను మోత ఆవిడ గొంతు మీదెక్కి కూర్చుంది. డబ్బుల్లేని సినిమాలో బొమ్మ మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే సర్దుకోరు. ఆ ఘట్టం ఒక్కటైనా మళ్ళీ డబ్బింగ్ చెప్పించు. స్టూడియోకి డబ్బుల్లేకపోతే చుట్టూ పరుపులు నిలబెట్టి ఫ్యాను ఆపి చెప్పించు.

ఇప్పుడు అసలు బరువైన సంగతి. నీ కథలో తండ్రికి కిడ్నీలు పోయాయి, తల్లి ఉపవాస ప్రార్థన చేసింది, బాగయ్యాడు. మూడో వరసలో తెల్లచీర అక్క కూర్చుంది, చూశావా? భర్తకి రెండేళ్ళు డయాలసిస్ చేయించింది. ఆమె పెట్టిన ఉపవాసాలకి మన సంఘమంతా సాక్షి. ఆయన పోయాడు. నీ తండ్రి పాత్ర లేచి కూర్చున్నప్పుడు అందరూ హల్లెలూయ అన్నారు, ఆమె కొంగు సర్దుకుంది. పోయేటప్పుడు నీ దగ్గరికొచ్చి "సందేశం బాగుంది బాబూ" అంది. నీ ముప్పై మందిలో ఆమె కూడా ఉంది. బిర్యానీ పొట్లం తీసుకోలేదు.

ఇది నీ ఒక్కడికే వచ్చిన చిక్కు కాదు. డాలస్ నుంచి అమ్మాయి వచ్చినప్పుడు ఒక డీవీడీ తెచ్చింది, ‘ఫేసింగ్ ద జయంట్స్’ అని. అమెరికాలో జార్జియా రాష్ట్రం, ఆల్బనీ ఊళ్ళో షేర్‌వుడ్ బాప్టిస్టు చర్చివాళ్ళు 2006లో తీసింది. అలెక్స్ కెండ్రిక్ అని ఆ చర్చిలో సేవకుడే దర్శకుడు, ఆయనే హీరో, ఫుట్‌బాల్ కోచ్ వేషం. ఖర్చు లక్ష డాలర్లు, నటించినవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని సంఘస్తులు. వచ్చింది కోటి డాలర్ల పైన. విమర్శకులు చీల్చి చెండాడారు, విశ్వాసులు కట్టలు కట్టుకుని వెళ్ళి చూశారు. దాన్ని మనవాళ్ళు వెంటనే లోకం మనల్ని ద్వేషిస్తుంది అన్న లెక్కలో వేసేస్తారు. కానీ అసలు గట్టి అభ్యంతరం విశ్వాసుల్లోంచే వచ్చింది. కోచ్ ప్రార్థన చేశాక జట్టు గెలుస్తుంది, కొత్త బండి వస్తుంది, పిల్లలు లేని భార్యకి కడుపు పండుతుంది. మరి ప్రార్థించినా ఓడినవాళ్ళ మాటేమిటి అని అడిగారు. అడిగినవాళ్ళు శత్రువులు కారు, మన తెల్లచీర అక్కలాంటి వాళ్ళే.

అదే సినిమాలో ఒక ఘట్టం క్రైస్తవులు కానివాళ్ళు కూడా చూపించుకుంటారు. కళ్ళకి గంతలు కట్టుకుని ఒక కుర్రాడు ఇంకో కుర్రాణ్ణి వీపు మీద మోస్తూ మైదానం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పాకుతాడు. అందులో ప్రసంగం తక్కువ, చెమట ఎక్కువ. నీకు మోటారు గొడవ అలాంటిది. దాన్ని అట్టే పెట్టు, వచనాలు రెండు తీసెయ్. మిగిలిన ఒక్కటీ పాస్టరు చేత కాకుండా ఆ తమ్ముడి చేతే, సగం గుర్తుండి సగం మర్చిపోయినట్టు చెప్పించు.

కథ మార్చి తండ్రిని చంపమని నేననడం లేదు. ఆస్పత్రి వార్డులో పక్క మంచం ఒకటి ఉంది కదా, ఖాళీగా. దాని మీద ఒక మనిషిని పడుకోబెట్టు, పక్కన భార్యని కూర్చోబెట్టు. వీళ్ళ ఇంట్లో పండగ జరుగుతున్నప్పుడు ఒక్కసారి ఆ మంచం చూపించు, దుప్పటి మడిచి ఉంటుంది. మాటలక్కర్లేదు. ఒక పూట షూటింగ్, ఖర్చు టిఫిన్లు. నేనిస్తా.

అభ్యంతరాలు చెప్పేవాళ్ళు వేరే రకం, వాళ్ళతో కంగారుపడకు. బాప్తిస్మం చిలకరింపుతో చూపించావని ఆ బ్రదరన్ అయ్యగారు నిన్ను అరగంట నిలబెట్టారు. ముంచినట్టు చూపించుంటే మన లూథరన్ పెద్దలు నిలబెట్టేవాళ్ళు. తల్లి పాత్రకి గాజులెందుకని ఒకరు, తాగుబోతు చేతిలో సీసా కనపడకూడదని ఒకరు, అసలు సినిమాయే పాపమని ఇంకొకరు. అందరికీ వందనాలు చెప్పు, ఒక్క ముక్క కొయ్యకు. సీసా లేకుండా తాగుబోతు ఎలా అవుతాడ్రా? వాళ్ళు సినిమా చూడ్డం లేదు, తప్పు వెతుకుతున్నారు. అది కూడా ఒక పనే, వాళ్ళని చేసుకోనీ.

థియేటర్ మాట ఎత్తావు. ఈ మార్పులన్నీ అయ్యాకే సెన్సారుకి పంపు. సర్టిఫికెట్ వచ్చాక ఏం మార్చినా మళ్ళీ వాళ్ళకి చూపించుకోవాలి, నీకా డబ్బులూ లేవు, ఓపికా లేదు.

వచ్చే శనివారం పేటలో వేస్తున్నావు కదా. ఈసారి "ఎలా ఉంది?" అని ఎవర్నీ అడక్కు. అడిగితే అబద్ధమాడక తప్పదు వాళ్ళకి. మధ్యలో ఒకసారి నువ్వే ఆపి టీ ఇప్పించు, రీలు మార్చినట్టు, మోటారు తీగ కోసిన చోటే. నువ్వు కప్పులు అందిస్తూ తిరుగు, నోరు మూసుకుని. తెల్లచీర అక్క ఇంటికి మాత్రం శనివారం లోపే వెళ్ళు, సినిమా మాటెత్తకుండా కాసేపు కూర్చునిరా.

ఆ రాత్రి ఇంటికొచ్చేటప్పుడు ఆటో అబ్బాయి రైల్వే గేటు దగ్గర బండి ఆపి వెనక్కి తిరిగి, "తమ్ముడు తీగ కోసేశాడు గదండీ, మర్నాడు అన్నకి తెలిసిందా?" అనడిగాడు. మీ పెద్దమ్మ చెప్పబోతే నేనే మోచేత్తో పొడిచాను. శనివారం పేటలో మళ్ళీ వేస్తున్నారు, వచ్చి చూసుకోమన్నాను. వస్తానన్నాడు. తలుపు దగ్గర అతనికో కుర్చీ వేయించు.

మీ పెదనాన్న