సంఘ దర్శనంలో నా వంతు ఏది?

ప్రశ్న: అక్కా, వందనాలు. డాలస్ దగ్గర ఎమ్మెస్ చేయడానికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడి తెలుగు సంఘానికి వెళ్తున్నాను. జనవరిలో పాస్టరు గారు ఈ ఏడాది సంఘ దర్శనం, అంటే సంఘం ఏ గురితో ముందుకెళ్లాలో, చెబితే అందరం ఆమేన్ అన్నాం. ఇప్పుడు దాని ఊసే లేదు. నేనా స్టూడెంటుని, రేపు ఏ ఊళ్లో ఉంటానో తెలీదు. నాలాంటివాడు ఇందులో చేయగలిగింది ఏముంది?

తమ్ముడూ, వందనాలు. "రేపు ఏ ఊళ్లో ఉంటానో" అన్న నీ మాట నన్ను చాలా వెనక్కి తీసుకెళ్లింది. 2003లో హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద వచ్చినప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. ముందు ఆయన ఉద్యోగం కుదురుకోవాలి, తర్వాత గ్రీన్ కార్డు, తర్వాత సొంతిల్లు, ఆ పైన దేవుని పని. గ్రీన్ కార్డు చేతికి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆదివారం మధ్యాహ్నం ఆరాధనలో కూర్చుని, భోజనం చేసి, ఇంటికొచ్చేదాన్ని. ఆ ఏళ్ల గురించి ఇప్పటికీ ప్రభువు ముందు బాధపడతాను. నీకు ఆ బాధ రాకూడదనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

యిర్మీయా 29వ అధ్యాయం తీసి చదువు. బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అంటాడు. డెబ్బై ఏళ్లు అక్కడే ఉండాల్సినవాళ్లకు చెప్పిన మాట, రెండేళ్ల కోర్సుకు వచ్చినవాడికీ వర్తిస్తుంది.

ఇక దర్శనం సంగతి. సామెతలు 29:18లో "దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు" అని ఉంటుంది. దేవోక్తి అంటే ఇక్కడ దేవుడిచ్చే దర్శనమే. ఆ "కట్టు" అన్న మాట చదివినప్పుడల్లా నాకు మా ఊరి గడ్డిమోపులు గుర్తొస్తాయి. కట్టు బిగిస్తేనే మోపు తలకెత్తుకోగలం, వదులైతే దారంతా రాలిపోతుంది. ఇక్కడి సంఘంలో మనమంతా తలొక చేను గడ్డిమే కదా. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, దోర్నకల్ సీఎస్ఐ వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు, బ్రదరన్ వాళ్లు. ఒకరు కీర్తన నెమ్మదిగా పాడాలంటారు, ఒకరికి డ్రమ్స్ కావాలి. మనల్ని కలిపి ఉంచే కట్టు దర్శనమే. అది జనవరిలో వేసి వదిలేస్తే నిలవదు, బిగిస్తూ ఉండాలి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. అక్కడి కొండ కథ మా నానమ్మ చెప్పేది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సమయానికి అమెరికాలో బాప్టిస్టు మిషన్ పెద్దలు తెలుగు పనిని అసలు మూసేయాలా అన్న ఆలోచనలో ఉన్నారు. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్లు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

చాలామంది ఆ చివరి అంకె దగ్గరే ఆగిపోతారు. నా మనసు మాత్రం ఎర్రగుంట్ల పేరయ్య గారి దగ్గర ఆగుతుంది. ఆయన తోళ్ల వ్యాపారి. విన్న సువార్తను ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పాడు. పదవీ లేదు, చదువూ పెద్దగా లేదు, ఉన్నదల్లా తనవాళ్లతో ఉన్న పరిచయం. కొండమీది ఐదుగురి ప్రార్థన పల్లెల్లోకి దిగింది అలాంటివాళ్ల కాళ్ల మీదే.

నెహెమ్యా మూడో అధ్యాయం పేర్ల పట్టీలా ఉంటుందని చాలామంది దాటేస్తారు. యెరూషలేము గోడను చాలామంది ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని వాళ్లే బాగుచేసుకున్నారు. మొత్తం 52 రోజుల్లో పూర్తయింది. నీ ఇంటికి ఎదురుగా ఉన్న గోడ ఏదో నువ్వు వెతుక్కోవాలి, తమ్ముడూ.

నాకు కనిపిస్తున్నది చెబుతాను. నీ చుట్టూ ఉన్నది స్టూడెంట్లు. ఆగస్టులో, జనవరిలో కొత్తవాళ్లు దిగుతారు. ఎయిర్‌పోర్టుకు ఎవరు వెళ్తారు? మొదటి వారం ఎవరింట్లో పడుకుంటారు? చదువు అయ్యాక ఓపీటీలో (స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదని రోజులు లెక్కపెట్టుకునే పిల్లలు రాత్రిళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? ఇరవై ఏళ్ల క్రితం వచ్చిన మాకంటే వాళ్ల భయం నీకే బాగా తెలుసు.

ఒక సంగతి చెప్పక తప్పదు. మేము ముందు ఉన్న సంఘంలో "ఒకరి భారములు ఒకరు మోయుట" అని పెద్ద బ్యానర్ కట్టించాం. ఆ ఏడాదే ఒక కుటుంబంలో ఆయన ఉద్యోగం పోయింది. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్లకు అలాంటప్పుడు ఈ దేశంలో ఉండటానికి గడువు గరిష్ఠంగా 60 రోజులు. మూడు ఆదివారాలు వాళ్లు కనిపించలేదు. ఊరెళ్లారేమో అనుకున్నాం. నేనూ ఫోన్ చేయలేదు. సామాన్లు అమ్ముకుని ఇండియా వెళ్లిపోయాక తెలిసింది. ఆ తర్వాత పదిమందిమి కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం: వరుసగా రెండు ఆదివారాలు రానివాళ్లకు సోమవారం రాత్రికల్లా ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఆ ఒక్క పనితో ఆ బ్యానర్ మీది మాటకు మా మధ్య అర్థం వచ్చింది.

పాస్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు "దర్శనం ఏమైంది అయ్యగారూ" అని అడగకు. ఇక్కడ చాలామంది పాస్టర్లు వారమంతా ఉద్యోగం చేసుకుంటూ పరిచర్య చేస్తున్నారు. "అయ్యగారూ, కొత్తగా వచ్చే స్టూడెంట్ల పని నేను చూస్తాను, నాతో ఇంకొకరిని ఇవ్వండి" అని అడుగు. ఆయన కళ్లల్లో ఎంత ఊరట కనిపిస్తుందో నువ్వే చూస్తావు.

రెండు జాగ్రత్తలు. నువ్వు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నావు గనుక కీబోర్డు వాయించినందుకో, సౌండ్ చూసినందుకో ఎవరైనా ప్రేమతో డబ్బు ఇవ్వబోయినా తీసుకోకు, వీసాకే ముప్పు. సండే స్కూల్లో సాయం చేస్తానంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడుగుతారు, నొచ్చుకోకు, అది పిల్లల క్షేమం కోసం.

రేపు వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే వెళ్లు. వెళ్లేముందు నీ పనిని ఇంకొకరికి అప్పగించి, నీ ఫోన్లో ఉన్న నంబర్లన్నీ వాళ్లకిచ్చి వెళ్లు. ఈ ఆదివారం మాత్రం నీ కారులోనో, నీ స్నేహితుడి కారులోనో ఎన్ని సీట్లు ఖాళీగా వెళ్తున్నాయో చూసుకో. మీ అపార్టుమెంట్లలో కారు లేక ఆరాధనకు రాలేకపోతున్న పిల్లలకు శనివారం రాత్రే మెసేజ్ పెట్టు.