రోజూ రాత్రి గీసే ఆ అమ్మాయి ఎవరని నా భార్య అడుగుతోంది

ప్రశ్న

నాకు 34 ఏళ్లు. విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. నాలుగేళ్ల పాప ఉంది. ఎనిమిదో తరగతిలో, హాస్టల్లో సీనియర్లంటే భయంగా ఉన్న రోజుల్లో, రఫ్ నోటు వెనకాల ఒక బొమ్మ గీశాను. అప్పటి నుంచి ఆ లోకం పెరుగుతూనే ఉంది. నీట మునిగిన కోట, దానికి కాపలా ఉండే ఉల్క అనే అమ్మాయి, ఆమె ఎక్కి తిరిగే గండభేరుండం అనే రెండు తలల పక్షి. ఇప్పుడు పాప పడుకున్నాక, రాత్రి పదిన్నర నుంచి ఒంటిగంట దాకా మేడమీద గదిలో ట్యాబ్ మీద గీస్తాను. చెప్పుకోవడానికి సిగ్గనిపించి ఆఫీసు పని అంటూ వచ్చాను.

పోయిన నెల నా భార్య ట్యాబ్ తెరిచి చూసింది. వందల బొమ్మల్లో ఒకే మొహం. ఎవరీవిడ అంది. ఎవరూ కాదన్నాను, నమ్మలేదు. పుణెలో ఉండే ఒక తెలుగమ్మాయితో నా చాటింగ్ కూడా చూసింది. ఇద్దరం ఒకే అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, అభిమానులం, అలా పరిచయం. ఆమె ఉల్క మీద కథలు రాస్తుంది. తను ఉదయనుడనే రాకుమారుడిగా, నేను ఉల్కగా సంభాషణలు రాసుకుంటాం. దీన్ని రోల్‌ప్లే అంటారు. అందులోని ప్రేమ మాటలు చదివి నా భార్య పుట్టింటికి పోతానంటోంది. తను బీఈడీ చేసింది, డీఎస్సీకి చదువుతోంది. రాత్రి చదువుతానంటుంది కానీ పాపను పడుకోబెడుతూ తనూ పడుకుంటుంది. ఆ టెన్షన్ నా మీద చూపిస్తోందేమో.

పిల్ల తండ్రివయ్యాక ఈ పిచ్చి గీతలేంటని అమ్మ తిడుతోంది. గీస్తే గీశావు, కనీసం అమ్ముకో అంటాడు బావ. అనిమే పాత్రలు గీస్తే వందల లైకులు వస్తాయి, ఉల్కకు పది కూడా రావు. విసుగొచ్చి అంతా డిలీట్ చేసేద్దామనుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదు. నాది తప్పా?

పేరు రాయవద్దన్న పాఠకుడు

సమాధానం

ముందు ఆ బొమ్మలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి. ఇప్పుడున్న మనఃస్థితిలో ఏదీ డిలీట్ చేయకండి. ఇరవై ఏళ్ల పనిని కోపంలో చెరిపేస్తే ఆ కోపం తగ్గదు, తర్వాత భార్య మీదికి మళ్లుతుంది. నీవల్లే మానేశాను అనే మాట ఏదో ఒక రోజు మీ నోట వస్తుంది. నిజానికి ఆమె డిలీట్ చేయమన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎవరు అని మాత్రమే అడిగింది. ఆ ప్రశ్నకు ఆమెకింకా జవాబు అందలేదు.

ఎవరూ కాదని మీరన్నారు. వందలసార్లు గీసిన మొహం ఎవరిదీ కాదంటే ఏ భార్య నమ్ముతుంది? భయపడిన ఒక పదమూడేళ్ల పిల్లాడు తనకు కాపలాగా నిలబెట్టుకున్న మనిషి ఉల్క. ఈ సంగతి ముక్కూ మొహం తెలియని నాకు రాశారు, ఆరు బయట పడుకుని కబుర్లు చెప్పుకోవలసిన మనిషికి చెప్పలేదు. ఆమెకు నొప్పి కలిగిన చోటు ఇదే అనుకుంటున్నాను. నా మొగుడికి ఇంత పెద్ద లోకం ఉంది, అందులో నేను లేను, అది ఉన్నట్టు కూడా నాకు తెలియదు అన్న బాధ అది. ఆఫీసు పని అని రోజూ చెప్పిన అబద్ధం ఆ బాధకు అనుమానాన్ని కూడా తోడు చేసింది. బొమ్మలు గీయడం తప్పు కాదు. వాటి కోసం అబద్ధమాడడం తప్పే, దానికి ఆమెను సూటిగా క్షమాపణ అడగండి. సిగ్గేసి చెప్పలేదనే కారణం కూడా చెప్పండి, అది నిజం కాబట్టి.

తర్వాత బొమ్మలు చూపించండి. బాగా వచ్చినవి ఏరి చూపించకండి, మొదటి నుంచి వరసగా చూపించండి. అమ్మగారింట్లో అటక మీద ఆ పాత రఫ్ నోట్లు ఉంటే దించండి. చేతులు కుదరని ఉల్క, మెడ వంకరపోయిన గండభేరుండం, ఇంటర్‌లో రంగు పెన్సిళ్లతో గీసినవి, ఉద్యోగం వచ్చాక ట్యాబ్ మీద మొదలుపెట్టినవి. మీ పెళ్లికి ఎన్నో ఏళ్ల ముందే ఈ అమ్మాయి పుట్టిందని ఆ కాగితాలే చెబుతాయి. ఇంకో మాట. ఉల్క కళ్లో ముక్కో నిజంగా ఎవరినైనా చూసి గీసినవైతే, సినిమా నటి అయినా కాలేజీలో చూసిన అమ్మాయి అయినా, అదీ అప్పుడే చెప్పేయండి. తర్వాత ఆమె తనంతట తాను కనిపెడితే ఇప్పుడు చెప్పిన నిజాలు కూడా అబద్ధాలైపోతాయి.

మీకింత సిగ్గెందుకో కూడా నాకు కొంత అర్థమవుతుంది. పెళ్లయిన మగవాడు క్రికెట్ చూస్తే ఎవరూ ఏమీ అనరు, రాక్షసుల్నీ మాయా పక్షుల్నీ గీస్తే చిన్నపిల్లాడి చేష్ట అంటారు. కానీ ఈ పని మన ఇళ్లకు కొత్తది కాదు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ మన పెద్దవాళ్ల తరాలను ఇలాంటి బొమ్మలతోనే పెంచింది. మీ పక్క జిల్లా శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు, అదే వపా, దాని ముఖచిత్రాలు గీశారు. లోపలి పేజీల్లో చిత్ర అనే చిత్రకారుడు గీసిన మాంత్రికులు, కోటలు, వింత జంతువులు చూసి ఎంతమంది పిల్లలు నోట్‌బుక్కులు నింపారో. శంకర్ గారు భుజాన బేతాళుణ్ణి మోసే విక్రమార్కుణ్ణి దశాబ్దాల పాటు గీశారు, అదే కత్తి, అదే చెట్టు, అదే శ్మశానం. వాళ్లకది జీతమిచ్చిన ఉద్యోగం, మీకు కాదు, ఆ తేడా ఉంది. అయినా పెద్దవాళ్లయ్యాక కూడా ఒకే పాత్రను ఏళ్ల తరబడి గీయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మీ అమ్మగారికి చెప్పడానికి ఇది చాలు. ఆవిడ చిన్నప్పుడు చందమామ చదివే ఉంటారు. ఆ సంగతి అడిగి చూడండి, తిట్లు కొంచెం తగ్గవచ్చు.

భార్య మాత్రం బొమ్మలు చూసి మెచ్చుకోవాలని ఎదురుచూడకండి. నాకిది ఎక్కలేదు అంటే సరే అనండి. ఆమె ఉల్కను ప్రేమించనక్కర్లేదు. మీ ఇంట్లో రాత్రుళ్లు ఏం జరుగుతోందో తెలిసి ఉండడం మాత్రం ఆమె హక్కు.

ఇక నేను ఎక్కువసేపు ఆగిపోయింది మీరు యథాలాపంగా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర. రాత్రి చదువుతానంటుంది కానీ పాపను పడుకోబెడుతూ తనూ పడుకుంటుంది అన్నారు. ఆ రెండున్నర గంటల్ని ఒకసారి ఇద్దరి వైపు నుంచీ చూడండి. పాప పడుకోగానే మీరు మేడ ఎక్కుతారు, తలుపు వేసుకుంటారు, మీకంటూ ఒక సమయం దొరుకుతుంది. పగలంతా వంట, పాప, అత్తగారు చూసుకుని, రాత్రి పాపను జోకొడుతూ అలసటతో నిద్రపోయే మనిషికి ఆ సమయం ఎక్కడుంది? 2025లో మన రాష్ట్రంలో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగితే లక్షల మంది పోటీపడ్డారు. ఆ పరీక్షకు చదివే మనిషికి రోజూ ఎవరూ కదిలించని గంటలు కావాలి. అవి ఆమెకు దొరకలేదు. మీకు దొరుకుతున్నాయి, అదీ ఆఫీసు పని పేరుతో. తను త్యాగం చేసిన గంటలు మీ ఉద్యోగానికి పోతున్నాయనుకుంది ఆమె. ఎవరో అమ్మాయి బొమ్మకు పోతున్నాయని ఇప్పుడు తెలిసింది. పుట్టింటికి పోతాననడంలో అనుమానం కంటే ఈ అన్యాయం బరువే ఎక్కువని నా నమ్మకం. దాన్ని పరీక్ష టెన్షన్ అని కొట్టిపారేయకండి.

కాబట్టి మాటల తర్వాత పనిలో చూపించండి. పాపకు అన్నం పెట్టి పడుకోబెట్టే పని ఇకనుంచి మీది. ఎనిమిది గంటలకు ఆ మేడమీద గది ఆమెకు ఇవ్వండి, తలుపు వేసుకుని పదిన్నర దాకా చదువుకోనివ్వండి. అమ్మమ్మో నాన్నమ్మో పిలిచినా, పాప ఏడ్చినా మీరే చూసుకోవాలి. ఆ తర్వాత ఒక గంట మీరు గీసుకోండి, పదకొండున్నరకు ఆపండి. సెలవు రోజు మధ్యాహ్నం ఇద్దరూ చెరో రెండు గంటలు తీసుకోవచ్చు. మీకు గీసే సమయం తగ్గుతుంది, నిజమే. పాప పక్కన కూర్చున్నప్పుడు చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో గీసుకోండి, రంగులు వేయడం రాత్రికి ఉంచుకోండి. పరీక్ష దగ్గరపడిన నెలల్లో మీ వంతు ఇంకా తగ్గించుకోవలసి రావచ్చు. ఆ మాట ఆమె అడగకముందే మీరే అంటే మంచిది.

పుణె అమ్మాయి విషయంలో మీ భార్య తప్పుగా చదివిందని నేను అనలేను. కలిసి కథ అల్లుకోవడం ఫ్యాండమ్‌లో, అంటే ఇలాంటి అభిమానుల లోకంలో, మామూలే, అందులో చెడేమీ లేదు. కానీ రోజూ అర్ధరాత్రి, ఇద్దరే ఉన్న చాట్‌లో, నేను నువ్వు అంటూ ప్రేమ మాటలు రాసుకుంటుంటే పాత్ర ఎక్కడ ఆగి మనిషి ఎక్కడ మొదలవుతాడో రాసేవాళ్లకే తెలియకుండా పోతుంది. మిమ్మల్ని మీరు రెండు సంగతులు అడుగుకోండి. ఇంట్లో గొడవైన రోజు ముందు ఆమెకే చెబుతున్నారా? ఆమె మెసేజ్ రాకపోతే ఉల్క కథ ఆగిందని బాధా, ఆమె రాలేదని బాధా? జవాబు మీకు తెలుసు. మనసు అటు లాగుతోందనిపిస్తే, ఇంట్లో పరిస్థితి బాగాలేదు, ఇకపై రాయలేను అని మర్యాదగా చెప్పి ఆపేయండి. ఆ అమ్మాయికీ అదే న్యాయం. అలాంటిదేమీ లేదని నిజాయితీగా అనిపిస్తే పద్ధతి మార్చండి. చాట్ వదిలేసి, ఇద్దరూ తెరవగలిగే ఒక డాక్యుమెంట్‌లో, ఉల్క అన్నది, ఉదయనుడు అన్నాడు అంటూ కథలాగే రాయండి. రాత్రిపూట వద్దు. మీ భార్య ఎప్పుడడిగినా చూపించగలిగేదే రాయండి.

ఉల్కకు లైకులు రావడం లేదన్న బాధ గురించి. మీరు అనిమే పాత్రను గీసినప్పుడు చూసేవాళ్లకు ఆ పాత్ర ముందే ప్రాణం. సిరీస్ అంతా చూసి, ఏడ్చి, నవ్వి వచ్చినవాళ్లు. మీ గీత వాళ్ల ప్రేమను గుర్తు చేస్తుంది, లైక్ కొడతారు. ఉల్క వాళ్లకు అపరిచితురాలు. ఆ కోట ఎందుకు మునిగిందో, ఆమె ఎవరి కోసం కాపలా కాస్తోందో మీరింతవరకు ఎవరికీ చెప్పినట్టు లేరు. ఒంటరి నిలువు బొమ్మలు మాని, నాలుగు గడుల చిన్న కామిక్ ఒకటి గీయండి. ఉల్క ఎవరితోనో మాట్లాడాలి, ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, ఓడిపోవాలి. ఏటా జూలైలో ఇంటర్నెట్‌లో ఆర్ట్ ఫైట్ అనే ఆట జరుగుతుంది. అందరూ రెండు జట్లుగా విడిపోయి ఒకరి సొంత పాత్రల్ని ఇంకొకరు గీసి ఇచ్చుకుంటారు. అక్కడ మీకు లైకులకంటే విలువైనది దొరకవచ్చు, ఉల్కను వేరే చేతుల్లో చూసే సంతోషం. ఇవేవీ చేసినా వందల లైకులు వస్తాయని మాట ఇవ్వలేను. పదిమందీ చూడని బొమ్మను కూడా ఇరవై ఏళ్లు గీశారంటే లైకుల కోసం గీయలేదన్నమాట. ఇప్పుడెందుకు వాటికి లెక్క అప్పజెప్పాలి?

బావగారి సలహా మంచి మనసుతోనే చెప్పి ఉంటారు కానీ తొందరపడకండి. మీరు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి మీకు వర్తిస్తుంది, అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. డబ్బు తీసుకుని అడిగినవాళ్లకు బొమ్మలు గీయాలనుకుంటే ముందు ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి అనుమతి తీసుకోండి. అనిమే పాత్రల ప్రింట్లు అసలు అమ్మకండి, ఆ పాత్రలు సృష్టించినవాళ్ల సొత్తు. ఉల్క బొమ్మల మీద హక్కు మాత్రం మీదే. 1957 కాపీరైట్ చట్టం కింద గీసిన క్షణం నుంచే ఆ హక్కు వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పుణె అమ్మాయి రాసిన కథలోని వాక్యాలు ఆమెవి. రాయడం ఆగినా కొనసాగినా, ఉల్క పేరుతో, బొమ్మతో ఆమె ఏం ప్రచురించవచ్చు, ఏది వద్దు అన్నది ఒక మెసేజ్‌లో స్పష్టంగా రాసి, సరే అనిపించుకోండి. స్నేహం బాగున్నప్పుడే ఈ మాట అనుకోవడం సులువు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటిగంట దాకా వెలుగుతున్న స్క్రీన్ చూసి పడుకుంటే ఎవరికైనా నిద్ర దూరమవుతుంది, దానికి ఈ గొడవ తోడైంది. పదకొండున్నర నియమం పెట్టుకున్నాక కూడా రెండు వారాల్లో కుదుటపడకపోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ మాటలన్నీ ఒక్క రాత్రిలో చెప్పేయాలని చూడకండి. మొదటి రోజు క్షమాపణ, ఆ రఫ్ నోటు, మేడగది తాళం, ఇవి చాలు. చాట్ సంగతి ఆమె ఎత్తితే అప్పుడే మాట్లాడండి, ఎత్తకపోతే రెండు రోజులాగి మీరే ఎత్తండి. ఆమె ఏమన్నా మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఈ జవాబు ఆమెకు చూపించినా నాకు అభ్యంతరం లేదు. ఆమె తన వైపు నుంచి రాయదలుచుకుంటే ఆ ఉత్తరానికి కూడా సమాధానం ఇస్తాను.