కార్తీక్‌కు, ఆ పుంజు సంగతి

చి. కార్తీక్‌కు ఆశీస్సులు.

నువ్వు కొన్న పాత మోటార్‌సైకిల్ ఫొటోలు చూశాం. పిన్ని కళ్లజోడు సవరించుకుని మరీ చూసి, "ఈ తుప్పుకి ఎదురు డబ్బిచ్చాడా?" అంది. నా షెడ్డులో ఉన్నవాటి చరిత్ర అంతా తెలిసిన మనిషి, అందుకే నేను నోరెత్తలేదు.

బీఎస్ఏ కంపెనీ 1961 డీ7 బాంటమ్ (చిన్న జాతి కోడి అని అర్థం), మూడు గేర్లు, ఇంజను తిరుగుతోంది అంటున్నావు. బేరం తప్పేం కాదు. ఫ్యాక్టరీ నుంచి ట్రయల్స్ (రాళ్లలో, వాగుల్లో కాలు కింద పెట్టకుండా నిదానంగా తోలే పోటీ) బండిగా వచ్చింది మాత్రం కాదది. రోడ్డు బాంటమ్‌నే ఎవరో కొండలకి తయారుచేసుకున్నారు. ఇక్కడ బ్రిటన్‌లో ఇలాంటివే ఎక్కువ, దానికి చిన్నతనం ఏమీ లేదు. అసలు బాంటమే అరువు కోడి. యుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి డీకేడబ్ల్యూ ఆర్‌టీ125 నమూనా పరిహారం కింద వస్తే, బీఎస్ఏ వాళ్లు దాన్ని అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి 1948లో వదిలారు. అందుకే గేరు కుడికాలికి వచ్చింది. నువ్వు హైదరాబాదులో నడిపినవన్నీ ఎడమకాలి గేర్లు కాబట్టి మొదటి నెల బ్రేకనుకుని గేరు తొక్కుతావు. తెనాలిలో పాత బుల్లెట్టు మీద నేర్చుకున్నవాణ్ణి, నాకా తిప్పలు లేవు. అన్నట్టు, మన బుల్లెట్టూ రాళ్లలో తేలిన బండే. 1948 కోల్‌మోర్ కప్ ట్రయల్‌లోనే దాని నమూనాలు వెనక చక్రాన్ని పైకీ కిందకీ ఆడనిచ్చే స్వింగింగ్ ఆర్మ్‌తో మొదటిసారి జనానికి కనబడ్డాయి.

నాలుగు ప్రశ్నలు అడిగావు, మూడు పెయింటు గురించే. పెయింటు ఆఖర్న చూద్దాం. ఈ బండి పరుగు కోసం కాదురా, నడక కోసం. సెక్షన్‌లో, అంటే మార్కులు లెక్కపెట్టే ముక్కలో, బండరాళ్ల మధ్య, వాగు నీళ్లలో, మనిషి నడిచేంత నిదానంగా పోవాలి. ఒకసారి కాలు కింద పెడితే ఒక తప్పు మార్కు పడుతుంది, ఆగిపోతే ఐదు. అలాంటి చోట ఇంజను పెద్దవాళ్లు తిరుమల మెట్లెక్కినట్టు తొందరపడకుండా, ఆగకుండా లాగాలి. అలా లాగనిస్తోందా లేదా అన్నదొక్కటే చూడు.

ముందు కార్బురేటర్ విప్పు. అందులో పైకీ కిందకీ ఆడే స్లైడును బయటికి తీసి, ఇంజను వైపుండే ముఖాన్ని వెలుతురులో పట్టుకుని చూడు. గీతలు గీతలుగా మెరిసే పట్టీ కనిపిస్తే అక్కడ అరిగిందన్నమాట. మళ్లీ లోపల పెట్టి వేలితో ముందుకీ వెనక్కీ ఊపు. టకటకమందా, ఇక ఎన్ని జెట్లు (పెట్రోలు వచ్చే సన్నరంధ్రాల ముక్కలు) మార్చినా ఐడిలింగ్, అంటే త్రాటిల్ వదిలినప్పటి నిదానపు తిరుగుడు, నిలబడదు. అరిగిన సందులోంచి గాలి దూరుతుంటుంది. రోడ్డు మీద 40 మైళ్ల వేగంలో అది తెలియదు, వాగు మధ్యలో తెలుస్తుంది. తర్వాత ఫ్లాంజికి (కార్బురేటర్ ఇంజనుకి బిగిసే ముఖానికి) అడ్డంగా ఉక్కు స్కేలు పెట్టి వెలుగు కనబడుతోందేమో చూడు. 60 ఏళ్లలో ఎవడో ఒకడు నట్లు అతిగా బిగించి దాన్ని అరటిపండులా వంచే ఉంటాడు. మందపాటి గాజుపలక మీద ఎమెరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె తిప్పుతూ మెల్లగా రుద్దితే సమమవుతుంది. అరగంట పని. నేనైతే రేడియో పెట్టుకుని చేస్తాను.

అది బాగుండీ ఇంజను నిలకడగా లేకపోతే క్రాంకు సీళ్ల (క్రాంకు ఇరుసు చుట్టూ గాలి, ఆయిలు ఆపే రింగుల) మీదే అనుమానం. టూస్ట్రోక్ ఇంజనుకి క్రాంకు తిరిగే గది, క్రాంక్‌కేసే ఊపిరితిత్తులు. ప్రైమరీ వైపు (క్లచ్చికి గొలుసు పోయే వైపు) సీలు పోతే గేర్‌బాక్సు ఆయిలు పీల్చుకుని తెల్లగా పొగ కక్కుతుంది, ఆయిలు మట్టం తగ్గుతూ పోతుంది. రెండోవైపుది పోతే గాలి పీలుస్తుంది. త్రాటిల్ వదిలినా ఇంజను వెంటనే దిగదు, అలాగే తోలితే పిస్టన్ పట్టేస్తుంది. ఇంజను ఎలాగూ విప్పాక సీళ్లూ బేరింగులూ కలిపి మార్చెయ్, పొదుపు చెయ్యకు.

ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. నా మొదటి ఇంజను క్రాంక్‌కేసుల్ని తళతళ మెరవాలని గాలి ఒత్తిడితో చిమ్మే గాజుపూసలతో కొట్టించాను. చేసినవాడు బాగా కడిగానన్నాడు. నేనూ నమ్మి బిగించేశాను. రెండు గంటలు నడిచాక లోపల్నుంచి కాఫీగింజలు మరపట్టినట్టు చప్పుడు. విప్పితే బేరింగు నిండా గాజుపొడి. ఆయిలు దారుల్లో, మరల రంధ్రాల్లో ఇరుక్కున్నదంతా వేడెక్కాక బయటికొచ్చింది. ఆ రాత్రి పిన్ని నాతో అన్నది ఇక్కడ రాయను. కిరోసిన్, బ్రష్షు, పాత పళ్లపుల్ల చాలు అల్యూమినియం శుభ్రానికి.

పానాల సంగతి. నీ దగ్గరున్న మిల్లీమీటరు సెట్టు ఈ బండి దగ్గరికి తీసుకురాకు. దీనివి విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) కాలపు నట్లు. పానా మీద రాసిన కొలత నట్టు వెడల్పుది కాదు, బోల్టు మందానిది. మరలు కూడా అన్నీ ఒకటి కాదు, సైకిల్ మర అనే రకానికి అంగుళానికి 26 చుట్లు. బోల్టు వేళ్లతో సాఫీగా నాలుగు చుట్లు వెళ్లకపోతే ఆపెయ్, అది ఆ రంధ్రానిది కాదు.

బ్రేకు డ్రమ్ములు తెరిచేటప్పుడు గాలి కొట్టొద్దు, ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పడెయ్.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి కాల్చే పూత) మోజు ఉంటే ముందు ఫ్రేము నంబరు ఫొటో తీసుకుని దాని మీద టేపు వెయ్యమను. హ్యాండిల్ బేరింగు కప్పులు కూర్చునే చోట, ఎర్తు తగిలే చోట కూడా. మందపాటి పూత కింద నంబరు పూడిపోతే రిజిస్ట్రేషన్ కాగితాల దగ్గర నువ్వే దొంగలా నిలబడాలి.

టైర్లలో గాలి చూసి భయపడతావు. సెక్షన్లలో నేను వెనక 5, ముందు 6 పీఎస్ఐ పెడతాను. అంత తక్కువ గాలికి రిమ్ లాకు (టైరును రిమ్ముకి పట్టి ఉంచే బిగింపు) లేకపోతే టైరు జారి వాల్వు తెగుతుంది. రోడ్డెక్కే ముందు గాలి పెంచు. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం వరకూ ఇథనాల్ కలిసినది) అయింది, అందులోని ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. సూపర్ రకం, ఈ5 కొను, చలికాలం ట్యాంకు ఖాళీ చెయ్. పుస్తకంలో రాసిన ఆయిలు పాళ్లు ఆనాటి ఆయిలువి. ఇప్పటి టూస్ట్రోక్ ఆయిలుతో నేను 32 పాళ్ల పెట్రోలుకి ఒకటి పోస్తున్నాను.

బురదలోంచి వచ్చాక బకెట్టు నీళ్లతో కడుగు. ప్రెషర్ వాషరు హబ్బుల మీద కొడితే నీళ్లు బేరింగుల్లోకి పోతాయి.

వచ్చే శనివారం స్లైడు తీసి, దాంతోపాటు ఆ పాత కార్బురేటర్ మొత్తం డబ్బాలో పెట్టుకుని రా. ఆ అరిగిన పట్టీ నా కళ్లతో చూస్తేగానీ కొత్తది కొనమని చెప్పను. పానాల పెట్టె ఒకటి నీకోసం పక్కన పెట్టాను, 3/16 పానా మాత్రం నాది, అది ఇవ్వను. గోంగూర దొరికితే పిన్నికి తే.

బాబాయి