పైకప్పు ఎందుకు కూలింది?

తమ్ముడూ,

నీ బొగ్గుబాయి కథ చదివాను. తల్లి టిఫిను గిన్నె సర్దే చోటు బాగుంది. తర్వాత చీకటి మీద రెండు పేజీలు, ఆ వెంటనే పైకప్పు కూలి మనిషి చచ్చిపోయాడు. ఎందుకు కూలిందయ్యా అంటే విధి అన్నావు. నాకు కోపమొచ్చింది అక్కడే. బాయిలో కప్పు ఊరికే కూలదు.

ఎమిల్ జోలా ఫ్రెంచిలో బొగ్గుగని కార్మికుల మీద రాసిన నవల ‘జెర్మినల్’ మళ్ళీ తియ్యి. పెన్సిల్ పట్టుకుని, డబ్బు మాట వచ్చిన ప్రతిచోటా గీత పెట్టు. అందులో కూలీ టబ్బు (బొగ్గు నింపే తొట్టి బండి) లెక్కన, టబ్బుకి 50 సాంతీములు, అంటే అర ఫ్రాంకు. కప్పుకు దుంగలు నిలబెట్టే పనికి వేరే కూలీ లేదు. దుంగ కొడుతూ కూర్చుంటే టబ్బులు తగ్గుతాయి, అందుకే అందరూ అరకొరగా కొట్టి వదిలేస్తారు. ఇంజనీరు నెగ్రెల్ అది చూసి, మయూ అనే కార్మికుడి ముఠాకి 3 ఫ్రాంకుల జరిమానా వేస్తాడు. కొన్నాళ్ళకి కంపెనీ నోటీసు అంటిస్తుంది: ఇకపై దుంగల పనికి విడిగా ఇస్తాం, టబ్బుకి మాత్రం 40. కార్మికులు లెక్కేసుకుంటే దుంగల మీద తిరిగొచ్చేది మహా అయితే 8 సాంతీములు. అంటే టబ్బుకి 2 పోయినట్టే. సమ్మె ఆ రెండు సాంతీముల దగ్గర రాజుకుంటుంది. ఈలోగా కప్పు కూలి ఒకడు చచ్చిపోతాడు, పదకొండేళ్ళ మయూ కొడుక్కి రెండు కాళ్ళూ విరుగుతాయి. అక్కడ విధి మాట ఎత్తాల్సిన పనే రాలేదు జోలాకి.

మొదటి అధ్యాయంలోని ముసలి బొన్మోర్‌ని చూడు. 58 ఏళ్ళు, నల్లగా ఉమ్ముతుంటాడు, అయినా రాత్రి డ్యూటీ మానడు. ఇప్పుడు మానేస్తే పింఛను 150 ఫ్రాంకులు, 60 నిండాక అయితే 180. ఆ 30 ఫ్రాంకులు తెలిశాక అతని దగ్గుకి విశేషణం అక్కర్లేదు.

ఇవన్నీ ఊహించి రాసినవి కావు. 1884 ఫిబ్రవరిలో ఉత్తర ఫ్రాన్సులోని ఆంజా గనుల్లో సమ్మె మొదలవగానే జోలా అక్కడికి వెళ్ళాడు. గనిలోకి దిగాడు, కార్మికుల ఇళ్ళు చూశాడు, అన్నీ నోట్సు రాసుకున్నాడు. గని కార్మికుల జబ్బుల మీద వైద్య గ్రంథం చదివాడు. తనతో తాను వాదించుకుంటున్నట్టు ఒక చిత్తు, ఒక్కో పాత్రకి ఒక్కో కాగితం, ఆపైన అధ్యాయాల వారీగా ప్లాను. ఏప్రిల్ 2న రాయడం మొదలుపెట్టి, 40 అధ్యాయాలు 1885 జనవరి 23న ముగించాడు.

నోట్సు దొరికింది కదా అని కుమ్మరిస్తే కథ చస్తుంది. యాభై సెంటీమీటర్ల బొగ్గు పొరలో మయూ పక్కకి ఒత్తిగిలి పడుకుని తవ్వుతున్నప్పుడు పైనుంచి నీటిచుక్క మొహం మీద ఒకేచోట పడుతుంటుంది. మెడ ఎంత తిప్పినా తప్పదు. గనిలో నీటి ఊట గురించి జోలాకి చాలా తెలుసు, పాఠకుడికి ఇచ్చింది ఆ చుక్క. నీ తల్లి గిన్నెలో ఏం పెట్టిందో నువ్వు రాయలేదు. మయూ కూతురు కాత్రిన్ నిన్నటి కాఫీపొడి పిప్పి మీదే నీళ్ళు పోస్తుంది. ఇల్లు ఎలా గడుస్తోందో ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

మన సంపాదకులు కొందరు కూలీ లెక్క ఉన్న పేరా కనబడితే వ్యాసంలా ఉందని కొట్టేస్తారు, చీకటి మీద కవిత్వం ఉంటే బొమ్మ వేసి మరీ అచ్చేస్తారు. కొత్తవాళ్ళు ఇలా పాడైపోతుంటే నాకు కడుపు మండుతుంది. నువ్వు వాళ్ళ కోసం రాయకు. కథల పోటీల గురించి నువ్వు అడిగినవి పక్కన పెట్టు.

నీ కథలో మనిషికి జీతం మస్టర్ల (హాజరైన రోజుల) లెక్కనా, టబ్బుల లెక్కనా? నాగా పెడితే ఎంత పోతుంది? ఆ షిఫ్టులో కప్పుకు ఊత పెట్టాల్సింది ఎవరు, పెట్టనిది ఎందుకు? తొందరపెట్టిందెవరు, ఆ తొందర వల్ల ఎవరికి ఏం మిగులుతుంది? టింబరింగ్ పని, అంటే కప్పుకు దుంగలు నిలబెట్టే పని, చేసి రిటైరైనవాళ్ళు మీ కాలనీలోనే ఉంటారు, వెళ్ళి కూర్చుని అడుగు. కథ మళ్ళీ పంపేటప్పుడు ఆ లెక్కల కాగితం కూడా జతచెయ్యి, ముందు అదే చదువుతాను.